మురుగు కాలువ చివర తలుపు: గోదావరి డెల్టా, తుఫాను, పరిశ్రమ

(కాకినాడలో మత్స్యకారులు, రైతులు, పరిశ్రమల ప్రతినిధులు, విద్యార్థులు పాల్గొన్న సభలో చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం.

ఉప్పాడ నుంచి వచ్చిన మత్స్యకార పెద్దలు, కోనసీమ రైతులు, రొయ్యల చెరువుల యజమానులు, ఈ తీరం వెంట ఉన్న కర్మాగారాల అధికారులు ఒకే పందిరి కింద కూర్చోవడం తరచుగా జరిగే పని కాదు. మీలో చాలామంది ఇంతకు ముందు కలుసుకున్నది కలెక్టరు కార్యాలయంలోనో కోర్టు వరండాలోనో అయి ఉంటుంది. అందుకని ఈ గంటసేపు వాతావరణ మార్పు గురించి ప్రపంచ పటం ముందు పెట్టుకుని మాట్లాడదలచుకోలేదు. మీ అందరికీ సంబంధం ఉన్న ఒక చిన్న వస్తువు దగ్గర మొదలుపెడతాను. అది పొలాల్లో నిలిచిన నీటిని తీసుకుపోయే మురుగు కాలువ, అంటే డ్రెయిను, సముద్రంలో కలిసేచోట ఉండే తలుపు.

మా ఊరు డ్రెయిను చివర ఉంటుంది. అక్కడి స్లూయిస్‌కు, అంటే నీటిని వదిలే కట్టడానికి, ఉన్న ఇనుప తలుపులు నీటి ఒత్తిడికే తెరుచుకుని నీటి ఒత్తిడికే మూసుకునే రకం. సముద్రం పాటు మీద ఉన్నప్పుడు, అంటే వెనక్కి తగ్గుతున్నప్పుడు, పొలాల్లోంచి వచ్చిన నీరు లోపలి నుంచి తోసి తలుపును తెరుస్తుంది. పోటు మొదలయ్యాక సముద్రపు నీరు బయటి నుంచి తోసి దాన్ని మూసేస్తుంది. రోజుకు రెండుసార్లు పోటు, రెండుసార్లు పాటు. చిన్నప్పుడు మేము ఆ గట్టు మీద కూర్చుని తలుపు పడే చప్పుడు కోసం ఎదురుచూసేవాళ్ళం. కాలువను చూసుకునే పనివాడు, లస్కరు ఒకాయన నెలకోసారి గొలుసులకు గ్రీజు రాసి, అడుగున చేరిన కట్టెముక్కలు, గుర్రపుడెక్క తీసి గట్టున వేసేవాడు. ఆయన రిటైరయ్యాక ఆ పనికి ఇంకొకరు రాలేదు. కొన్నేళ్ళకు ఒక తలుపు తుప్పు పట్టి సగం తెరిచిన స్థితిలో బిగుసుకుపోయింది. ఆ సగం సందులోంచి ప్రతి పోటుకూ ఉప్పునీరు పైకి ఎక్కింది. మూడేళ్ళు తిరగకుండా డ్రెయినుకు ఇరుపక్కలా ఉన్న చేలల్లో ఊడుపు మడి తెల్లగా పొక్కడం నేను కళ్ళారా చూశాను. చౌడు తేలిన ఆ నేలలో కొంత తర్వాత చెరువులైంది, కొంత బీడుగా మిగిలింది.

ఇప్పుడు ఆ తలుపుకు బయట ఏం జరుగుతోందో చూడండి. భారత ప్రభుత్వ భూవిజ్ఞాన మంత్రిత్వ శాఖ 2020లో వెలువరించిన అంచనా ప్రకారం 1993 నుంచి 2017 వరకు ఉత్తర హిందూ మహాసముద్రంలో నీటిమట్టం ఏడాదికి సుమారు 3.3 మిల్లీమీటర్ల చొప్పున పెరిగింది. వినడానికి అది గోరంత. ముప్పై ఏళ్ళకు పది సెంటీమీటర్లు. గుట్టల మీద ఉన్నవారికి పది సెంటీమీటర్లు ఒక లెక్క కాదు. తీరానికి దగ్గరగా సముద్రమట్టం కన్నా ఒకటి రెండు మీటర్లే ఎత్తున్న చేలకు, వాలు దాదాపు లేని డ్రెయినుకు అది పెద్ద లెక్క. ఈ తీరంలో పెద్ద పోటుకూ పాటుకూ మధ్య తేడా మీటరున్నర ప్రాంతంలోనే ఉంటుంది కాబట్టి, సముద్రం పెరిగిన ప్రతి సెంటీమీటరూ తలుపు తెరుచుకుని ఉండే సమయంలోంచి కొన్ని నిమిషాలు కోసుకుంటుంది. పొలంలో నిలిచిన నీరు వెళ్ళిపోవడానికి నిన్న దొరికిన వ్యవధి రేపు దొరకదు. పైగా వర్షం తీరు మారింది. వారం రోజులు పడవలసిన వాన రెండు రోజుల్లో కుమ్మరిస్తున్నది. తుఫాను వచ్చినప్పుడు గాలి సముద్రాన్ని ఒడ్డు మీదికి తోసి పట్టి ఉంచుతుంది గనుక తలుపు ఒక పూట కాదు, రోజంతా మూసుకునే ఉండవచ్చు. పైన కుండపోత ఆగదు. డెల్టాలో ముంపు అంటే ఎక్కువసార్లు ఇదే. పై నుంచి వచ్చే వరద కన్నా, బయటికి పోలేని నీరే చేనును చంపుతుంది.

ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. కాటన్ దొర పేరు మన జిల్లాల్లో దేవుడి పేరుతో సమానంగా వినిపించడానికి కారణం ఉంది, నేను దాన్ని తక్కువ చేయను. అయితే నీటిని తెచ్చే కాలువకు ఇచ్చిన మర్యాద నీటిని తీసుకుపోయే కాలువకు మనం ఏనాడూ ఇవ్వలేదు. 1960లలో వచ్చిన ముంపుల తర్వాత ఎ.సి. మిత్ర అధ్యక్షతన నిపుణుల కమిటీ కృష్ణా, గోదావరి డెల్టాల మురుగు కాలువలను పరిశీలించి వాటిని వెడల్పు చేయాలని, తిన్నగా చేయాలని, సముద్రంలో కలిసే మొగలు తెరవాలని చెప్పింది. ఆ పనుల కోసం 1968లో డ్రైనేజీ సెస్సు చట్టం కూడా వచ్చింది. రైతు ఎకరాకు ఇంత అని కట్టాడు. పంట కాలువకు సాగునీటి సంఘం ఉంది, శిస్తు ఉంది, నీరు రాకపోతే రోడ్డెక్కే రైతు ఉన్నాడు. మురుగు కాలువ పూడిపోతే, పూడిన సంగతి తెలిసేది తుఫాను వచ్చిన రాత్రే. 2011 సార్వాలో, అంటే ఖరీఫ్‌లో, కోనసీమ రైతులు పంట వేయకుండా నిలిపివేసినప్పుడు దేశమంతా గిట్టుబాటు ధర గురించి మాట్లాడింది. అది నిజమే. కానీ ఆ రైతుల కోరికల్లో డ్రెయిన్ల పూడికతీత కూడా ఉంది. కోతకొచ్చిన పంట ఏటా అక్టోబరు, నవంబరు వానలకు నీళ్ళలో నానిపోతుంటే ధర ఉండి మాత్రం ఏం లాభమని వారు అడిగారు.

ఇదంతా రైతు సమస్య, మాకేమిటని కర్మాగారాల వారు అనుకోవచ్చు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నం మీదికి వచ్చింది. గంటకు 180 కిలోమీటర్లకు పైగా గాలి. విమానాశ్రయం టెర్మినల్ పైకప్పు ఎగిరిపోయింది. విశాఖ ఉక్కు కర్మాగారంలో కరెంటు లేక ఉత్పత్తి నిలిచిపోయింది. గోడలు గట్టివి, యంత్రాలు గట్టివి. కానీ కరెంటు స్తంభాలు, రోడ్లు, తాగునీరు, పనివారి ఇళ్ళు ఇవన్నీ కర్మాగారం ప్రహరీ బయట ఉంటాయి. ప్రహరీ లోపల ఎంత పటిష్ఠంగా కట్టుకున్నా, ఉదయం షిఫ్టుకు రావలసిన మనిషి తన ఇంట్లో మోకాలు లోతు నీళ్ళలో నిలబడి ఉంటే ఆ కర్మాగారం నడవదు. మొన్నటి 2024 సెప్టెంబరులో విజయవాడలో జరిగింది కూడా అదే. ప్రకాశం బ్యారేజీ నుంచి చరిత్రలో ఎన్నడూ లేనంతగా 11.43 లక్షల క్యూసెక్కులు వదిలిన రోజుల్లోనే బుడమేరు వాగు గట్లు తెగి సింగ్‌నగర్ ప్రాంతం రోజుల తరబడి నీళ్ళలో ఉండిపోయింది. బుడమేరు వెళ్ళి కలిసేది కొల్లేరులో. కొల్లేరు నీరు సముద్రంలోకి పోవడానికి ఉన్న దారి ఉప్పుటేరు ఒక్కటే. ఆ దారి పొడుగునా ఏరు ఎక్కడెక్కడ ఇరుకైందో ఆ ప్రాంతం వారందరికీ తెలుసు.

ప్రాణాల విషయంలో మనం చాలా నేర్చుకున్నామని ఒప్పుకోవాలి. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెనలో పదివేల మందికి పైగా పోయారు. 1990 మే తుఫాను కూడా భీకరమైనదే, అదే కృష్ణా ముఖద్వారం దగ్గరే తీరం దాటింది. ముందుగా లక్షన్నర మందిని తరలించగలిగినందువల్ల మృతుల సంఖ్య వెయ్యి లోపే ఉంది. 1996 నవంబరు 6న కోనసీమ మీదికి వచ్చిన తుఫాను మళ్ళీ మనల్ని దెబ్బతీసింది. వేటకు వెళ్ళినవారికి కబురు అందక ఎందరో సముద్రంలోనే మిగిలిపోయారు. భైరవపాలెం, బలుసుతిప్ప వైపు కుటుంబాలకు ఆ రాత్రి గురించి నేను చెప్పవలసిన పని లేదు. ఆ తర్వాత వచ్చిన షెల్టర్లు, పడవల్లో రేడియోలు, ఫోనుకు వచ్చే హెచ్చరికలు, వాతావరణ శాఖ అంచనాలు మెరుగుపడిన తీరు, ఇవన్నీ కలిసి ఈరోజు మృతుల సంఖ్యను పదుల్లోకి తెచ్చాయి. ఇది ఈ దేశం సాధించిన గొప్ప పని. అయితే షెల్టరు నుంచి మూడో రోజు తిరిగి వచ్చిన మనిషికి వల ఉందా, పడవ ఉందా, చేను ఉందా, పని ఉందా అనే ప్రశ్నకు మన విధానాల్లో ఇంకా సరైన జవాబు లేదు. నష్టపరిహారం లెక్కలు తుఫాను తర్వాత మొదలవుతాయి. తుఫానుకు ముందు చేయవలసిన పనికి పద్దు దొరకదు.

ముందు చేయవలసిన పని అన్నప్పుడు మనకు అతి దగ్గరలో ఉన్న ఉదాహరణ కోరంగి. తుఫాను గురించి లోకం నేర్చుకున్న పాఠాల్లో కోరంగి వాటా పెద్దది. 'సైక్లోన్' అనే ఇంగ్లీషు మాటను 1840లలో పుట్టించిన హెన్రీ పిడింగ్టన్ అధ్యయనం చేసిన ఉప్పెనల్లో 1789లో కోరంగిని ముంచినది ఒకటి. ఓడల నిర్మాణానికి పేరు మోసిన ఆ రేవు 1839 ఉప్పెన తర్వాత కోలుకోలేదు. ఈరోజు ఆ పేరు మడ అడవికి మిగిలింది. 1978లో అభయారణ్యంగా ప్రకటించిన ఆ అడవి విస్తీర్ణం 235 చదరపు కిలోమీటర్ల పైచిలుకు. తెల్ల మడ, నల్ల మడ, తిల్ల చెట్ల మధ్య పాటు సమయంలో పడవ దిగి నడిస్తే బురదలోంచి పైకి పొడుచుకొచ్చిన శ్వాసవేళ్ళు వేలకు వేలు కనిపిస్తాయి. అల వేగాన్ని విరిచేది ఆ వేళ్ళే, మట్టిని పట్టి ఉంచేది ఆ వేళ్ళే, రొయ్య పిల్ల, పీత పిల్ల దాక్కుని పెరిగేదీ ఆ వేళ్ళ మధ్యనే.

మడ అడవి గురించి ఒక అపోహ తొలగించాలి. మొక్కలు నాటినంత మాత్రాన మడ రాదు. స్వామినాథన్ పరిశోధన సంస్థ, అటవీ శాఖ, తీర గ్రామాల వారు కలిసి కృష్ణా, గోదావరి ముఖద్వారాల్లో 1990ల చివరి నుంచి చేసిన పని మనకు ఆ సంగతి నేర్పింది. నరికేసిన చోట నేల గుంటలా దిగిపోయి, పోటు నీరు లోపలికి వచ్చి నిలిచి, ఎండకు ఆవిరై, ఉప్పు పేరుకుని పర్రగా మారింది. అక్కడ ఎన్ని మొక్కలు నాటినా చచ్చాయి. అప్పుడు చేపముల్లు ఆకారంలో ఒక పెద్ద కాలువ, దానికి ఏటవాలుగా ఇరుపక్కలా పిల్ల కాలువలు తవ్వి పోటు నీరు వచ్చి పాటుకు తిరిగి పోయేలా చేశారు. ఉప్పు కడుక్కుపోయింది. ఆ తర్వాతే మొక్కలు నిలబడ్డాయి. కొన్నిచోట్ల నాటకుండానే విత్తనాలు కొట్టుకొచ్చి మొలిచాయి. ఇక్కడ కూడా అసలు విషయం నీటి దారే. లక్ష మొక్కలు నాటామని ఏటా ఫొటోలు వేసుకునే సంస్థలను నేను చిత్తశుద్ధితో కోరేది ఒక్కటే: మొక్కల లెక్క తగ్గించి, కాలువ లెక్క చూపించండి, మూడేళ్ళ తర్వాత ఎన్ని బతికాయో చెప్పండి.

ఉప్పాడ వారు ఇక్కడ ఉన్నారు కాబట్టి సముద్రపు కోత గురించి కూడా రెండు మాటలు చెప్పాలి. నది తెచ్చే మట్టితోనే డెల్టా బతుకుతుంది. గోదావరి 1970లలో ఏడాదికి సగటున 15 కోట్ల టన్నుల ఒండ్రు సముద్రానికి చేర్చేది. 1990లలో అది ఆరు కోట్ల టన్నుల లోపుకు పడిపోయిందని పరిశోధకులు లెక్క తేల్చారు. ఎగువన కట్టిన ప్రతి జలాశయమూ కొంత మట్టిని ఆపుకుంది. ఆ జలాశయాలు అక్కరలేదని ఎవరూ అనరు. కానీ మహారాష్ట్రలోనో తెలంగాణలోనో ఆగిన మట్టి ఇక్కడి తీరానికి అప్పు. తీరం వెంట ఉత్తరానికి నడిచే ఇసుకకు కట్టడాలు అడ్డుపడితే ఆ పైన ఉన్న ఊరు కోతకు గురవుతుంది. ఉప్పాడలో రాళ్ళు పోశారు, ఇసుక నింపిన జియోట్యూబులు వేశారు, సముద్రం వాటినీ చీల్చింది. కాకినాడ బీచ్ రోడ్డు తెగడం, మళ్ళీ వేయడం మనకు అలవాటైపోయింది. ఒకచోట గోడ కడితే పక్క ఊరికి కోత జరుపుతున్నామేమో ముందుగా చూడాలి. అందుకు తీరమంతటికీ కలిపి ఒకే ఇసుక లెక్క ఉండాలి. పంచాయతీకొక గోడ పద్ధతి పనికిరాదు.

ఇక రొయ్యల సాగు. ఈ విషయం మీద కొంచెం ఎక్కువసేపు ఉంటాను, ఎందుకంటే ఇక్కడే ఊరి ప్రయోజనం, పరిశ్రమ ప్రయోజనం ఒకే కాలువలో కలిసిపోతాయి.

1994, 95 సంవత్సరాల్లో తెల్లమచ్చ రోగం వచ్చినప్పుడు ఈ తీరంలో టైగరు రొయ్య వేసినవారు అప్పుల్లో మునిగిపోయారు. 1996 డిసెంబరులో జగన్నాథన్ కేసులో సుప్రీంకోర్టు తీర ప్రాంతపు రొయ్యల సాగు మీద గట్టి తీర్పు ఇచ్చింది. కాలుష్యం చేసినవారే దాని ఖర్చు భరించాలని చెప్పింది. 2005లో కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం వచ్చింది. 2009లో వనామీ అనే విదేశీ రొయ్య రకానికి అనుమతి వచ్చాక ఆంధ్ర తీరం దేశంలోనే ముందుకు దూసుకుపోయింది. ఈ సంపదను నేను గౌరవిస్తాను. రొయ్య వల్ల పిల్లలు చదువుకున్న ఇళ్ళు మా ఊళ్ళో చాలా ఉన్నాయి. అయితే నిబంధనను చూడండి. 2005 చట్టం కింద మొదట వచ్చిన మార్గదర్శకాల్లో పెద్ద చెరువులకే, అయిదు హెక్టార్లకు పైబడినవాటికే, మురుగునీటి శుద్ధి ఏర్పాటు తప్పనిసరి చేశారు. మన దగ్గర చెరువులు చాలావరకు అంతకన్నా చిన్నవే. ఒక్కొక్కరిదీ చిన్న చెరువే, కానీ ఒకే డ్రెయిను మీద వందలు. రొయ్యల పట్టుబడి అయిన రోజు చెరువు అడుగున మిగిలిన మేత, విసర్జన, మందుల అవశేషం కలిసిన నల్లటి నీరు డ్రెయినులోకి వెళుతుంది. అదే డ్రెయిను నుంచి దిగువన ఉన్న రైతు మోటారు పెట్టి తన చెరువుకు నీళ్ళు ఎక్కిస్తాడు. పై చెరువులో రోగం ఉంటే అది నీటితో పాటే దిగువకు వస్తుంది. డ్రెయినును చెత్తకుండీగా వాడినవాడు, దాన్నే మంచినీటి కాలువగా వాడినవాడు తరచుగా ఒకే కులం, ఒకే ఊరు, ఒక్కోసారి ఒకే కుటుంబం.

దీనికి చిన్న రైతు మీద జరిమానా వేయడం పరిష్కారం అని నేను నమ్మను. ఒక డ్రెయిను మీద ఉన్న చెరువుల వాళ్ళంతా ఒక సంఘంగా ఏర్పడి, ఉమ్మడిగా ఒకటో రెండో ఎకరాలు అడుగు నీరు తేరుకోవడానికి వదిలితే, నీళ్ళు వదిలే రోజులు ముందుగా చెప్పుకుంటే, సగం కష్టం అక్కడే తీరుతుంది. ఆ ఎకరాలకు కౌలు ఎవరు ఇవ్వాలి? మేత అమ్మే కంపెనీలు, కొనే ఎగుమతిదారులు, ప్రభుత్వం కలిసి ఇవ్వాలి. విదేశీ కొనుగోలుదారు యాంటీబయాటిక్ అవశేషం దొరికిందని కంటైనరు తిప్పి పంపినప్పుడు నష్టపోయేది ఎగుమతిదారే కదా. ఆ నష్టంలో చిన్న వాటా ముందుగా డ్రెయిను మీద పెడితే చాలు.

పెద్ద పరిశ్రమల విషయానికి వస్తాను. 2006 నాటి పర్యావరణ ప్రభావ మదింపు నోటిఫికేషన్ ప్రకారం ప్రజాభిప్రాయ సేకరణకు కనీసం ముప్పై రోజుల ముందు ప్రకటన ఇవ్వాలి, నివేదిక సారాంశం స్థానిక భాషలో ఉండాలి. సారాంశం తెలుగులో ఉంటుంది. వందల పేజీల అసలు నివేదిక ఇంగ్లీషులో ఉంటుంది. తమ ఊరి డ్రెయినులోకి ఎంత నీరు, ఏ మొగ ద్వారా వెళుతుందో తెలుసుకోవాలనుకున్న మత్స్యకారుడికి కావలసిన పేజీ సారాంశంలో ఉండదు. నేను చూసిన నివేదికల్లో ముప్పు అంచనా అధ్యాయం కర్మాగారంలో ట్యాంకు పగిలితే ఏమవుతుందో వివరంగా చెబుతుంది. ఉప్పెన వచ్చి ఆ ట్యాంకుల చుట్టూ రెండు మీటర్ల నీరు నిలిస్తే ఏమవుతుందో, కర్మాగారం కోసం మెరక చేసిన వందల ఎకరాల మీద పడిన వాన ఎవరి చేలోకి పోతుందో అంత వివరంగా చెప్పదు. మెరక చేయడమంటే పక్కవాడిని పల్లం చేయడం. ప్రతి తీర ప్రాంత ప్రాజెక్టు నివేదికలోనూ మెరకకు ముందు, తర్వాత నీటి దారి ఎలా ఉంటుందో చూపే పటం తెలుగులో ఉండాలని, అది పంచాయతీ గోడ మీద అతికించాలని నేను గట్టిగా కోరుతున్నాను.

తీర క్రమబద్ధీకరణ నిబంధనల్లో 1991లో గ్రామీణ తీరానికి 200 మీటర్ల వరకు కొత్త కట్టడాలు లేకుండా కాపాడారు. 2019లో జనసాంద్రత ఎక్కువ ఉన్న గ్రామాలకు ఆ దూరాన్ని 50 మీటర్లకు తగ్గించారు. ఇళ్ళు కట్టుకోవడానికి జాగా లేని మత్స్యకార కుటుంబాలకు అది ఊరట అన్న వాదన నాకు తెలుసు. నా భయం వేరు. కోత జరుగుతున్న తీరంలో ఈరోజు కొలిచిన 50 మీటర్లు పదేళ్ళకు ఎంత మిగులుతాయి? ఊరిని వెనక్కి జరపాలంటే ఊరి వెనుక జాగా ఉండాలి, ఆ జాగా ఈలోగా ఇతరుల చేతుల్లోకి పోకూడదు. వేటకు వెళ్ళేవారికి తీరం దగ్గరే ఇల్లుండాలి కాబట్టి, ఆ జాగాను ఇప్పుడే గ్రామ కంఠంగా, అంటే ఊరి నివాస స్థలంగా, గుర్తించి ఉంచడం జిల్లా యంత్రాంగం చేయగలిగిన పని.

డబ్బు లేదనే మాట వినిపిస్తుంది. 2013 కంపెనీల చట్టం ప్రకారం నిర్ణీత పరిమాణం దాటిన కంపెనీలు మూడేళ్ళ సగటు లాభంలో రెండు శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు పెట్టాలి. పర్యావరణ పరిరక్షణ అందులో ఉంది. ఈ తీరంలో ఉన్న కంపెనీల ఆ సొమ్ములో కొంత బస్ షెల్టర్లకు, స్వాగత ద్వారాలకు పోతున్నది. ఒక స్లూయిస్ తలుపు మార్చి, పదేళ్ళ పాటు దాని నిర్వహణకు, ఒక లస్కరు జీతానికి హామీ ఇచ్చే కంపెనీ పేరును ఆ తలుపు మీద రాయడానికి ఊరివారికి అభ్యంతరం ఉండదు. డ్రెయిను ప్రభుత్వానిది కాబట్టి నీటిపారుదల శాఖ ఇంజనీరు పర్యవేక్షణ, పంచాయతీ సంతకం రెండూ ఉండాలి. ఎంత ఖర్చయిందో, ఏ రోజు తలుపు పరీక్షించారో ఆ గట్టు మీదే బోర్డు పెట్టాలి.

సార్వా నాట్లకు ముందు, అంటే జూన్ లోపల, ఈ సభకు వచ్చిన ఊళ్ళ వారంతా తమ డ్రెయిను మొగ దగ్గరికి ఒక పాటు సమయంలో వెళ్ళాలని కోరుతున్నాను. రైతు, చెరువు యజమాని, మత్స్యకారుడు, కర్మాగారం ప్రతినిధి నలుగురూ కలిసి వెళ్ళాలి. తలుపులు ఎన్ని ఉన్నాయి, ఎన్ని కదులుతున్నాయి, గొలుసు ఉందా, అడుగున పూడిక ఎన్ని అడుగులు, కిక్కిస గడ్డి ఎంత దూరం పెరిగింది, ఎవరి మోటార్లు ఎక్కడ ఉన్నాయి, ఇవి ఒక తెల్లకాగితం మీద రాసి నలుగురూ సంతకాలు పెట్టండి. నా దగ్గర ఇరవై ఖాళీ ఫారాలు ఉన్నాయి. బయటికి వెళ్ళేటప్పుడు బల్ల మీద నుంచి తీసుకోండి. నింపిన కాగితాలు మే నెలాఖరుకు అందితే వాటన్నిటినీ ఒకే పటం మీద గుర్తించి, జూన్ మొదటి వారంలో మీ అందరి సమక్షంలో కలెక్టరు గారికి అందజేస్తాను.